వేళ్ల మీది మరకలు

ఇంటర్ రెండో ఏడాదిలో, పటాన్‌చెరు వెళ్లే బస్సులో నా పక్కన వేరే కాలేజీ అమ్మాయి కూర్చుంది. వేళ్ల మీది గోధుమరంగు మరకలను చున్నీ కొసతో రుద్దుతూ, నా ఒళ్లో ఉన్న కెమిస్ట్రీ రికార్డు చూసింది.

"పర్మాంగనేట్. ఎంత కడిగినా పోతలేదు. ఇయ్యాల టైట్రేషన్ మూడుసార్లు చేసిన, మూడుసార్లు ఖరాబైంది. లేత గులాబీ రంగు రాంగనే ఆపాలె గదా, నేను ఆపేలోపే ఇంకో చుక్క పడుతది. నీకెంత వచ్చింది?"

"పందొమ్మిది పాయింట్ ఎనిమిది."

"మూడుసార్లు గదేనా?"

"గదే."

మా కాలేజీలో ఆ చుక్కలు వదిలే గాజు బ్యూరెట్లు బీరువాలోనే ఉండేవి. రీడింగులు సార్ బోర్డు మీద రాసేవారు. మొలారిటీ లెక్క మాత్రం క్లాసులో అందరికంటే ముందు నేనే తేల్చేదాన్ని. ఆ గులాబీ రంగు ఎలా ఉంటుందో నాకు తెలియదు.

ఆ మరకలు చూసి నేను కళ్లలో నిప్పులు పోసుకుంటుంటే, ఆమె నా చేతులకేసి ఆశగా చూసింది.

"నీ చెయ్యి మస్తు కుదురు. నాకు గట్ల ఎప్పుడొస్తదో!"

ఒక్క మరకా లేని నా వేళ్లను రికార్డు కింద దాచుకున్నాను. పాడు చేసుకోవడానికి ఆమెకు మూడుసార్లు అవకాశం ఇచ్చారు. నాకు ఒక్కసారి కూడా ఇవ్వలేదు.