చాచా రాయించిన ఆఖరి కార్డు

నా చిన్నప్పుడు, సిద్దిపేటలో మా గల్లీకంతా మొదటి టీవీ మా ఇంటికే వచ్చింది. ఆ గర్వంతో కొన్నాళ్లు నా కాళ్లు నేల మీద నిలవలేదు. సాయంత్రమైతే గల్లీ అంతా మా ఇంట్లోనే ఉండేది. ఇళ్లలో రేడియోలు ఒక్కొక్కటే అటకెక్కాయి. మా గోడకు ఆనుకున్న ఇంట్లో, దర్జీ చాచా వాళ్ల రేడియో ఒక్కటే మిగిలింది.

చాచా భార్యను మేము చాచీ అనేవాళ్లం. పక్షవాతం వచ్చి ఆమె మంచానికే పరిమితమైంది. పుట్టిల్లు చిన్నకోడూరు. తనకంటూ గుంటెడు భూమి లేకపోయినా, పట్నం రేడియో స్టేషన్ నుంచి సాయంత్రం వచ్చే రైతుల కార్యక్రమం ఒక్కరోజు కూడా వదిలేది కాదు. వానలెలా ఉన్నాయో, మొక్కజొన్నకు ఏ పురుగు పట్టిందో విని, తమ్ముళ్ల చేను గురించి దిగులుపడేది. రోజంతటిలో ఆమెకు బయటి లోకమంటే ఆ అరగంటే.

టీవీ వచ్చిన కొన్నాళ్లకు సరిగ్గా ఆ అరగంటలోనే రేడియో గుర్రుమనడం మొదలుపెట్టింది. చాచా దాన్ని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు, కొత్త సెల్లు వేశాడు, కిటికీకి తీగ కట్టాడు. లాభం లేకపోయింది. టీవీ వచ్చాక స్టేషన్ వాళ్లు పని మీద ధ్యాస తగ్గించారనీ, రేపోమాపో మూసేస్తారనీ గల్లీలో అందరూ తేల్చేశారు. చాచా కూడా నమ్మాడు. ఆయనకు ఉర్దూ తప్ప రాయడం రాదు. అందుకని నన్ను పిలిచి స్టేషన్‌కు తెలుగులో పోస్టుకార్డులు రాయించేవాడు. ఆయన మెత్తగా చెప్పినదానికి నేను ఉప్పూకారం కలిపేదాన్ని. 'మీరు అక్కడ నిద్రపోతున్నారా' అన్నది నా సొంత వాక్యం. అది రాసి నాలో నేనే మురిసిపోయాను.

మూడో కార్డు రాస్తుండగా గుర్రు ఉన్నట్టుండి ఆగింది. రేడియోలో మాట గంట కొట్టినట్టు వినిపించింది. గోడ అవతల మా టీవీ చప్పుడూ ఆగింది; గల్లీవాళ్లు ఇంకా రాలేదని మా అమ్మ దాన్ని కట్టేసి నీళ్లకు వెళ్లిందప్పుడే. కాసేపటికి వచ్చి మళ్లీ పెట్టింది. గుర్రు మళ్లీ మొదలైంది. దోషం మా టీవీదేనని నాకు అర్థమైపోయింది. చెబితే టీవీ కట్టేయమంటారేమోనని భయపడ్డాను. నోరు మెదపకుండా కార్డు పూర్తి చేసి, నేనే తీసుకెళ్లి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

వారం తిరక్కముందే ఒక సాయంత్రం చాచీ తనే చెయ్యి చాపి రేడియో కట్టేసింది.

"ఇగ తీసి అటక మీద పెట్టుండ్రి. వాళ్లే మనల్ని ఇడిసిపెట్టిన్రు," అని మొహం గోడవైపు తిప్పుకుంది.

చాచా రేడియో అందుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు. వెక్కుతూనే అంతా చెప్పేశాను, కార్డుల్లో కలిపిన కారంతో సహా. తిడతాడనుకున్నాను. ఆయన రేడియోను మళ్లీ చాచీ పక్కనే పెట్టాడు. తర్వాత కుట్టుమిషన్ సొరుగులోంచి ఒక కార్డు తీసి నా ముందు పెట్టాడు.

"రాయి బేటీ. మూడు కార్డులల్ల వాళ్లను అనరాని మాటలన్నం. తప్పు మీది గాదు, మాఫ్ చెయ్యిండ్రి అని రాయి."

"మా ఇంటి టీవీ అని రాయాల్నా చాచా?"

"మనదే తప్పని రాయి. సాలు."

ఆ మూడు కార్డులూ గుక్క తిప్పుకోకుండా రాసిన నాకు, ఈ ఒక్కటి రాయడానికి చేయి రాలేదు. చాచా తొందరపెట్టలేదు. చివరికి రాసి, నేనే డబ్బాలో వేసి వచ్చాను.

ఆయన మా బాపుకు నా మీద ఒక్క మాట చెప్పలేదు. నేనే చెప్పాను. బాపు మొదట నవ్వి కొట్టిపారేశాడు. తర్వాత పక్కింటికి వెళ్లి, ఆ గుర్రు తన చెవులతో విని, తిరిగొచ్చి టీవీ కట్టేశాడు. ఆనాటి నుంచి ఆ అరగంట మా టీవీ ఆగేది. చూడవచ్చినవాళ్లు కొన్నాళ్లు సణిగారు. కొందరైతే చాచీ మంచం దగ్గరే కూర్చుని వానల ముచ్చట వినేవారు. మా కార్డుకు జవాబు రాలేదు. స్టేషన్ మాత్రం మూతపడలేదు, వినేవాళ్లకు ఇప్పటికీ వస్తూనే ఉంది.

పెద్దయ్యాక నేను టీచర్‌నయ్యాను. ఒకసారి క్లాసులో అందరి ముందూ ఒక పిల్లను దొంగ అన్నాను. ఆ సాయంత్రమే నా పొరపాటు తెలిసింది. పక్కకు పిలిచి బుజ్జగిస్తే సరిపోతుందని మనసు ఎంతో చెప్పింది. మర్నాడు ఆ పిల్లను నిలబెట్టి, నిందించినంత గట్టిగానే, అందరూ వినేలా క్షమించమని అడిగాను. చాచా ముందు ఆ ఆఖరి కార్డు రాసినప్పటిలాగే ఒక్కో మాటా కష్టంగా వచ్చింది. అయినా మధ్యలో ఆపలేదు.