ఫ్లాస్కులో మోసిన పగ

నా చిన్నప్పుడు నా నోటికీ చేతికీ అడ్డుపడి, నన్ను హంతకురాలిని కానివ్వకుండా ఆపిన దేవునికి స్తోత్రం. అందుకు ఆయన వాడుకున్నది దేవదూతను కాదు, బోధకుణ్ణి కాదు, మా పక్కింటి కొరియా అమ్మమ్మను. ఆయన నామానికే మహిమ కలుగును గాక. ఇప్పుడు సంఘంలో ఆదివారం బడి పిల్లలు నన్ను పెద్దమ్మా అని పిలుస్తారు, క్షమాపణ గురించి చెప్పమంటారు. చెబుతాను. కానీ నాకు క్షమాపణ కంటే ముందు వచ్చిన విద్య పగ.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. కంప్యూటర్ ఉద్యోగాలు తెలుగువాళ్ళను గుంపులుగా సింగపూరుకు తెస్తున్న కాలం. నాన్న పాయా లేబర్‌లో ఒక ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాడు. బిషాన్‌లో ఎనిమిదో అంతస్తు ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆ ఏడు అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాక ఏం తిన్నా వాంతి అయ్యేది. పప్పు తింటే కుట్లు చీము పడతాయని బందరు నుంచి అమ్మమ్మ ఫోనులో హెచ్చరించింది కాబట్టి అదీ లేదు. వారంలో అమ్మ గాజులు మోచేతి దాకా జారాయి.

పక్కింట్లో కొడుకు దగ్గర ఉంటున్న ఆవిడ తన దేశంలో జీవితమంతా సంప్రదాయ వైద్యం చేసి వచ్చిన మనిషి. మేము ఆమెను హల్మొనీ అనేవాళ్ళం, వాళ్ళ భాషలో అమ్మమ్మ అని. ఆమెకొక నియమం ఉండేది: కాగితం చూడనిదే కషాయం ఇవ్వదు. అమ్మ వేసుకునే ఆసుపత్రి బిళ్ళలన్నీ ఒక పుస్తకంలో రాసుకుంది. తాను ఇవ్వాలనుకున్నవి ఎదురుగా రాసి, ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించమని నాన్నను పంపింది. డాక్టరు రెండు వేర్లు కొట్టేసి, సూదులకూ సముద్రపు నాచు చారుకూ సరేనన్నాడు. పప్పు మాట విని నవ్వి, కడుపునిండా తినమన్నాడు. కొట్టేసిన వేర్ల గురించి నేనడిగితే హల్మొనీ ఒకటి చూపించి, రక్తం పలచబరిచే బిళ్ళతో కలిసి ఇది లోపలికి వెళితే రక్తం ఆగదని చెప్పింది. ఆ మాట నా బుర్రలో మేకులా దిగింది.

మణికట్టు దగ్గరా మోకాలి కిందా వెంట్రుకంత సన్నటి సూదులు గుచ్చి కాసేపు ఉంచేది. మూడో రోజు అమ్మ ఒక గిన్నెడు చారు తాగి నిలుపుకుంది. ఆసుపత్రి బిళ్ళ ఒక్క పూట మానినా తన సూదులు మానేస్తానని హల్మొనీ బెదిరించేది.

సరిగ్గా అప్పుడే మా ప్రార్థన కూటం నడిపే అంకుల్ అమ్మను చూడటానికి వచ్చాడు. చేతికి సూదులు చూశాడు. ప్రార్థన చేయకుండానే వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం అందరి ముందూ లేచి అన్నాడు: "మనలో ఒక సహోదరి దేవుణ్ణి వదిలి సూదుల సోదెకు పోయింది. ఆ ఇంట్లో ఇక కూటం పెట్టొద్దు." వెనక బెంచీలో అమ్మ కుట్ల మీద చెయ్యి పెట్టుకుని తల వంచుకుంది. ఆ తర్వాత మా గుమ్మం ఎవరూ తొక్కలేదు. అమ్మ భయపడి సూదులు మానేసింది. వాంతులు మళ్ళీ మొదలయ్యాయి. వాంతి వచ్చినప్పుడల్లా కుట్లు పట్టుకుని అమ్మ చేసిన మూలుగు నాకిప్పటికీ వినబడుతుంది. నాన్న బతిమాలి మళ్ళీ హల్మొనీ దగ్గర కూర్చోబెట్టేదాకా పది రోజులు అలాగే గడిచాయి.

పగ తీర్చే పని దేవుడిదని ఆదివారం బడిలో నేర్పారు. ఆయన ఆలస్యం చేస్తున్నాడని నా ఫిర్యాదు. అంకుల్ మోకాళ్ళు విరగ్గొట్టమని రోజూ ప్రార్థించాను. మోకాళ్ళనే ఎందుకు కోరుకున్నానంటే, గంటలకొద్దీ మోకాళ్ళూని ప్రార్థిస్తాడని ఆయనకు పేరు. కొన్ని నెలలకు ఆయన మోకాలికి ఆపరేషన్ అయిందని విన్నాను. ఆ రాత్రి స్తోత్రగీతం పాడుకుని పడుకున్నాను.

రెండు వారాల తర్వాత ఆయన భార్య, మేము ఆంటీ అని పిలిచే ఆవిడ, హల్మొనీ తలుపు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, నాకీ ఇంగ్లీషు రాదు. కాస్త నువ్వే చెప్పమ్మా. మీ అంకుల్‌కి తెలీకుండా, మోకాలి వాపుకి మందు కోసం వచ్చాను."

హల్మొనీ పుస్తకం తెరిచింది. ఏం బిళ్ళలు వేసుకుంటాడని అడిగింది. నేను తెలుగులో అడిగాను. ఆంటీ పాపం అన్నీ చెప్పుకొచ్చింది. నొప్పికి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. పడుకునే ముందు బీపీది. "ఇంకా, అదేదో గుండెకి, రక్తం పలచబడేదట, అది మాత్రం మానకూడదన్నారమ్మా."

నేను హల్మొనీ వైపు తిరిగి సింగపూరు యాస ఇంగ్లీషులో అన్నాను. "పెయిన్ టాబ్లెట్ ఓన్లీ లా."

హల్మొనీ కలం ఆపింది. "ఆంటీ టాక్ లాంగ్. యూ టాక్ షార్ట్. వై?"

"షీ రిపీట్ రిపీట్ లా, హల్మొనీ."

ఆమె నా మొహం వైపు కాసేపు చూసింది. పుస్తకం మూసి, ఆంటీని ఇంటికి పొమ్మని, గంటలో పంపిస్తానని చెప్పమంది. వంటగదిలోకి వెళ్ళి ఏదో మరిగించింది. ఫ్లాస్కులో పోసి నా చేతికిచ్చింది. వెరీ స్ట్రాంగ్ అంది; ఆ కొట్టేసిన వేరే అయ్యుంటుందనుకున్నాను. నా చేత్తోనే ఇవ్వాలట, ఆయన తాగేదాకా నిలబడి చూడాలట.

వాళ్ళ ఇల్లు రెండు బ్లాకుల అవతల. దారిలో నాకు భయం వేయలేదు. అబద్ధమెందుకు? నాకు ఆనందంగా ఉంది. అమ్మ మూలుగుకు ఇది బదులు అనుకుంటూ నడిచాను.

అంకుల్ కుర్చీలో కాలు చాపుకుని ఉన్నాడు. మోకాలు గుమ్మడికాయలా వాచింది. రక్తపరీక్షకు సూది గుచ్చిన చోట చెయ్యంతా నల్లగా కమిలింది. ఫ్లాస్కు చూసి మొహం చిట్లించాడు.

"ఆ సూదులావిడ పంపిందా? మీ ఆంటీకి బుద్ధి లేదు. సర్లే, ఇలా తే. సంఘంలో ఎవరికీ చెప్పకు."

ఎవరికీ చెప్పకు అన్న మాటతో నా పగ రెట్టింపయింది. తాగు అనుకున్నాను. ఆయన ఫ్లాస్కు మూతలో పోసుకున్నాడు. అలవాటు చొప్పున కళ్ళు మూసుకుని, దీన్ని ఆశీర్వదించు ప్రభువా అన్నాడు.

నా అబద్ధాన్ని ఆశీర్వదించమని నా దేవుణ్ణే అడుగుతున్నాడు. అది మాత్రం నేను భరించలేకపోయాను. ఆయన చేతిలోని మూతను ఒక్క దెబ్బ కొట్టాను. అది గోడకు తగిలి, వేడి వేడిది నేలంతా పారింది. "పొగరు. తల్లి పెంపకం అలా ఉంది మరి" అని ఆయన అరుస్తుండగా పరుగెత్తాను.

హల్మొనీ దగ్గర ఏడుస్తూ అంతా చెప్పాను. ఆమె కసరలేదు, దగ్గరికీ తీసుకోలేదు. గిన్నెలో మిగిలింది గ్లాసులో పోసి తాగమంది. వేయించిన బార్లీ నీళ్ళు. తర్వాత కలం నా చేతికిచ్చి, ఆంటీ చెప్పిన బిళ్ళలన్నీ నాతోనే రాయించింది. మర్నాడు ఆంటీతో ఆసుపత్రికి వెళ్ళి ఆ కాగితం డాక్టరుకు నేనే చదివి వినిపించాను. కషాయం వద్దని, గంజీ చారూ తాగవచ్చని ఆయన అన్నాడు. ఆసుపత్రి వ్యాయామాలతోనూ, హల్మొనీ వండి పంపిన గుమ్మడి గంజితోనూ అంకుల్ నెమ్మదిగా నడిచాడు.

నడిచి వచ్చి, దేవుడే బాగుచేశాడని సంఘంలో సాక్ష్యం చెప్పాడు. హల్మొనీ పేరెత్తలేదు. అమ్మకు క్షమాపణ చెప్పలేదు. అమ్మ ఆమెన్ అంది. నేను అనలేదు.

ఇప్పుడు షిప్‌యార్డుల్లో పనిచేసే మన తెలుగు కుర్రాళ్ళు ఆసుపత్రిలో పడితే వాళ్ళ పక్కన నిలబడి వాళ్ళ మాట డాక్టరుకు ఇంగ్లీషులో చెబుతుంటాను. వాళ్ళది పొడుగు మాటైతే నాదీ పొడుగు మాటే. పల్లెలో ఎవరో ఇచ్చిన పసరు గురించి సిగ్గుపడుతూ గొణిగినా, అదీ చెబుతాను.

నిన్న ఆంటీ ఫోన్ చేసింది. ముసలితనంలో అంకుల్‌కు రెండో మోకాలి ఆపరేషన్ అయింది. రేపు పొద్దున డాక్టరు దగ్గరికి నువ్వు వస్తేనే ధైర్యమమ్మా అంది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా పళ్ళు బిగుసుకుని ఉన్నాయి. ఆ పగ ఇంకా చల్లారలేదు. చల్లారిందని మీతో అబద్ధం చెప్పను.

అందుకే ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కళ్ళు మూసుకోండి. ప్రభువా, నా కోపం సంగతి నువ్వు తర్వాత చూసుకో. రేపు మాత్రం ఆంటీ చెప్పేదాంట్లో ఒక్క బిళ్ళ కూడా నా నోట్లో ఆగిపోకుండా చూడు. ఆమెన్ అనండి. ఈసారి నేనూ అంటాను.