లక్క సీలు వేసిన జీపు

ఎనభైల నడుమ నేను ప్రొద్దుటూరులో ఒక బస్సుల గ్యారేజీలో హెడ్ మెకానిక్‌గా ఉండేవాణ్ని. హెడ్ మెకానిక్ అంటే కింద పదకొండు మంది పనివాళ్లు, పైన ఒక సూపర్‌వైజరు, ఆయన పైన మేనేజరు. తప్పు ఎవరు చేసినా సంతకం మాత్రం నాదే. పంచాయతీ ఎన్నికలకు నెల ముందు, ఒక సోమవారం పొద్దున మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. జమ్మలమడుగు వైపు ఒక పెద్దాయన జీపు దారిలో ఆగిపోతోందని, దాని సంగతి చూడమని చెప్పారు. ప్రైవేటు బండి కదా, రిజిస్టరులో ఏమని రాయాలని అడిగాను. రోడ్డు టెస్టు అని రాయమన్నారు. ఏ బండికి టెస్టు అనేది రాయనక్కర్లేదట.

పెద్దాయన పేరు ఇప్పుడు కూడా రాయను. ఆ రోజుల్లో ఆయనకు పక్క ఊరి వర్గంతో కక్షలు నడుస్తున్నాయి. రోజుకో దారిన, రోజుకో వేళ బయలుదేరేవారు. దారిలో బండి ఆగిపోతే మా గ్యారేజీలో బ్రేక్‌డౌన్ అని రాసుకుంటాం. ఆయనకైతే అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

ఆ జీపు నడిచేది డీజిలుతో కాదు, శెనక్కాయ నూనెతో. ఆయన ఊరి దగ్గరున్న రెండు డీజిలు బంకుల్లో ఒకటి ప్రత్యర్థిది, రెండోది ప్రత్యర్థి వియ్యంకుడిది. పగవాడి బంకు ముందు బండి నిలపడం నామర్దా అనుకొని, సొంత మిల్లులో ఆడించిన నూనె పోయించడం మొదలుపెట్టారు. నూనె డీజిలు కంటే ఖరీదని అందరికీ తెలుసు. ఆయనకు చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు.

పులివెందులలో బావుల మీది ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మేస్త్రి ఒకడు బండిని ఆ నూనెకు తగ్గట్టు మార్చాడు. నూనె చిక్కన కాబట్టి నాలుగో వంతు కిరోసిన్ కలపాలి. ఇంజనుకు వెళ్లే పైపును రేడియేటరు వేడినీళ్ల గొట్టానికి చుట్టి పలచబరచాలి. పని శుభ్రంగా చేశాడు. తప్పు పట్టాలని చాలా వెతికాను, దొరకలేదు. ఒక్కటే చిక్కు. జీపు పోతుంటే వెనక మిరపకాయ బజ్జీల వాసన వచ్చేది. ఏ దారిన వెళ్లేదీ సొంత మనుషులకు కూడా చెప్పని పెద్దాయన, ఊరూరా ముక్కులకు తెలిసిపోయేవారు.

జీపును గ్యారేజీకి తెచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు డ్రైవరు మాబు, ఇంకొకరు పెద్దాయన బామ్మర్ది ఓబులేసు. ఓబులేసు నన్ను పక్కకు పిలిచి, బండిలో ఏ లోపమూ లేదని, లోపమంతా మాబులోనే ఉందని తేల్చేశాడు. "వాన్ని అవతలోళ్లు కొనేసినారు మేస్త్రీ. ప్రతిసారీ ఎనిమిది మైళ్లు పోతానే నిలుపుతాండాడు. పావుగంట కూచోబెట్టి మళ్లా స్టార్ట్ చేస్తాండాడు. ఏంది దానర్థం?"

నూనె బండి కాబట్టి నా అనుమానం ఫిల్టరు మీదికి పోయింది. నూనెలోని జిగురు పట్టి ఫిల్టరు మూసుకుపోతే ఇంజను ఊపిరాడక ఆగుతుంది. ఫిల్టరు మార్చాను. ట్యాంకు నుంచి నూనె లాగే ఫీడ్ పంపు విప్పి చూశాను, బాగానే ఉంది. ట్యాంకు అడుగున మడ్డి లేదు. నేనే తోలుకొని జమ్మలమడుగు దాకా పోయి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. మంచి పేరు వచ్చిందనుకొని మీసం దువ్వుకున్నాను.

మరునాడే జీపు మళ్లీ ఎనిమిదో మైలులో ఆగింది. నా మరమ్మతు మాబు మెడకు చుట్టుకుంది. నేను తోలితే పోయే బండి మాబు తోలితే ఆగుతోందంటే ఇంకేం సాక్ష్యం కావాలి? ఆ సాయంత్రం మాబు గ్యారేజీ గేటు దగ్గరికి వచ్చాడు. "అన్నా, నాకు ముగ్గురు బిడ్డలుండారు. ఇంగొక్కసారి నిలిస్తే నన్ను ఉంచరు. పారిపోతే నిజమే అంటారు. యాడికి పోయేది?" నాకు సిగ్గేసింది. నా మీసం సంగతి గుర్తొచ్చింది.

తెల్లవారి నేనే పెద్దాయన ఊరికి వెళ్లాను. వాకిట్లో ఓబులేసు ట్యాంకు నిండా నూనె పోయించి, మూత బిగించి, దాని మీద గుడ్డ కప్పి, పురికొస చుట్టి, ముడి మీదా మూత అంచు చుట్టూ లక్క కరిగించి పోస్తున్నాడు. తడిలక్క మీద పెద్దాయన ఉంగరంతో ముద్ర ఒత్తాడు. ఇదేమిటని అడిగితే, అవతలివాళ్లు ట్యాంకులో చక్కెర వేస్తారని గర్వంగా చెప్పాడు. బండి నూనెకు మారిన రోజు నుంచీ ఇదే పద్ధతట. నా దగ్గరికి తెచ్చే ముందు మాత్రం, నేను ట్యాంకు చూడాల్సి వస్తుందని తానే సీలు పగలగొట్టి తెచ్చాడట. ఓబులేసు నాలుగు ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చున్నవాడు. ఓటు పెట్టెకు సీలు ఎలా వేస్తారో అతనికి తెలుసు. ఎలా తీస్తారో ఇంకా బాగా తెలుసని ఊళ్లో అనేవారు.

ట్యాంకు మూతకు గుండుసూది దూరేంత బెజ్జం ఒకటి ఉంటుంది. నూనె ఖర్చయ్యే కొద్దీ దాని గుండా గాలి లోపలికి పోవాలి. బెజ్జం మూసుకుపోతే ట్యాంకులో గాలి పలచబడి, పంపు ఎంత లాగినా నూనె రాదు. బండి ఆగాక లక్క సందుల్లోంచి మెల్లగా గాలి దూరితే మళ్లీ స్టార్టవుతుంది. ఓట్లకు గాలి అక్కర్లేదు గానీ ఇంజనుకు కావాలి.

ఈ మాట అక్కడే అనొచ్చు. కానీ పదిమంది ముందు బామ్మర్దిని తప్పుపడితే, మాబును కాపాడటానికి కథ అల్లానంటారు. అందుకని నసుగుతూ, ఇంజను చప్పుడు వెనక కూర్చొని వినాలని, నమ్మకమైన చెయ్యి తోలితే మంచిదని పెద్దాయనతో అన్నాను. ఆయన చూపు ఓబులేసు మీదికి పోయింది. ఓబులేసు ఛాతీ విరుచుకొని స్టీరింగు ముందు కూర్చున్నాడు. పెద్దాయన పక్కన ఎక్కారు. నేనూ మాబూ వెనక. పులివెందుల దారి పట్టాం, అటు వైపు ఊళ్లన్నీ ఆయనవే.

ఎనిమిదో మైలు దగ్గర ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఓబులేసు సెల్ఫు కొట్టాడు, దిగి చేత్తో పంపు కొట్టాడు, బండిని తిట్టాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుంది. పెద్దాయన మెల్లగా అడిగారు.

"ఏమిరా ఓబులేసూ, నువ్వెంతకు అమ్ముడుపోతివి?"

నేను దిగి స్క్రూడ్రైవరుతో లక్క పగలగొట్టి మూత తిప్పాను. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. ఆ చప్పుడు అందరికీ వినిపించింది. మాబును ముందుకు పిలిచి తోలమన్నాను. వెంటనే స్టార్టయింది. పులివెందుల దాకా పోయి, తిరిగి ఇల్లు చేరేదాకా ఎక్కడా ఆగలేదు.

"మరి చక్కెరేస్తేనో?" అని ఓబులేసు దారంతా గొణిగాడు. మూతకు తాళం బిగించి, గాలికి సన్న జాలీ కట్టిన వంపు గొట్టం ఒకటి పెట్టాను. ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలని అడిగితే, పెద్దాయన దాన్ని మాబు చేతిలో పెట్టారు. క్షమాపణ అనేది ఆ ఇంట్లో వాడుకలో లేదు, అదే క్షమాపణ అనుకోవాలి.

రిజిస్టరులో "రోడ్డు టెస్టు, తృప్తికరం" అని రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆగిపోయిన బండి ఏది వచ్చినా, ఈమధ్య దీనికి ఎవరేం మేలు చేశారని ముందు అడిగేవాణ్ని. తర్వాత గాలి చూసేవాణ్ని, ఆ తర్వాత నూనె. డ్రైవరును అనుమానించడం ఆఖరి పని. అంతదాకా పోవాల్సిన అవసరం నాకు రెండుసార్లే వచ్చింది.