సైకిలు ట్యూబు బెల్టు

నిర్మల్ బస్టాండు పక్కన ఒక రేడియో మెకానిక్కు ఉండేవాడు. ఎనభైల్లో మా చుట్టుపక్కల ఊళ్లకు అతను దేవుడితో సమానం. నాకు మాత్రం ఇప్పటికీ అతని మాటెత్తితే ఒళ్లు మండుతుంది.

మా ఆయన దుబాయిలో ఉండేవారు. అక్కడెవరో వాడుకుని వదిలేసిన పాత టేప్‌రికార్డరు, అందులోనే రేడియో కూడా ఉన్నది, సెలవుకు వచ్చినప్పుడు తెచ్చారు. అత్తమామలకు చదువు రాదు కాబట్టి ఆయన కబుర్లన్నీ అక్కడ ఇంకో మిషనులో క్యాసెట్టుకు ఎక్కించి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చేవారు. మేము విని, దానిమీదే మా మాటలు రికార్డు చేసి తిరిగి పంపేవాళ్లం. మాకున్నది ఆ ఒక్క క్యాసెట్టే.

క్యాసెట్టు దుబాయిలో ఉండగా ఇక్కడ టేప్‌రికార్డరు లోపల టేపును తిప్పే రబ్బరు బెల్టు తెగింది. మామ, నేను నిర్మల్ తీసుకెళ్లాం.

"గీ మోడల్ కంపెనోడే బంజేసిండు పటేలా. బెల్టు హైదరాబాదుల గూడ దొరకది. ఫికర్ చెయ్యకుండ్రి, నేను లేనా?" అంటూ మెకానిక్కు సైకిలు ట్యూబు కోసి ఒక రింగు తగిలించాడు. దుకాణంలో క్యాసెట్లు గుట్టగా ఉన్నాయి. ఒక్కటి పెట్టి చూడొచ్చు కదా! ఆ మహానుభావుడు రేడియో పెట్టాడు. రేడియో ఖంగుమంది. రేడియోకు బెల్టుతో పనేమిటని అడిగే తెలివి మాకు లేదు. మామ సంతోషంగా డబ్బులిచ్చి దండం కూడా పెట్టారు.

నెల తిరక్కుండా క్యాసెట్టు వచ్చింది. మీట నొక్కితే ఆయన గొంతు బరువుగా, ముద్దముద్దగా, ఒక్కో మాటా ఈడ్చుకుంటూ వచ్చింది. రబ్బరు వదులై జారుతోందని, టేపు నెమ్మదిగా తిరుగుతోందని మాకేం తెలుసు?

"తాగి మాట్లాడుతుండు వీడు," అన్నారు మామ. అత్త నెత్తి కొట్టుకుంది. వినడానికి వచ్చిన ఇరుగుపొరుగువాళ్లు వంతపాడారు. నిర్మల్ దాటి ఎరగనివాళ్లు కూడా దుబాయిలో మందు ఎక్కడెక్కడ దొరుకుతుందో మాకు వివరించారు.

ఆ పూటే జవాబు రికార్డు చేశాం. మామ తిట్టారు, అత్త ఏడ్చింది. నేనేమన్నా తక్కువ తిన్నానా? "తాగుడు బంజెయ్యకుంటే ఇంటికి రాకు. నా బిడ్డకు తండ్రి లేడనుకుంట," అన్నాను.

రెండు నెలలకు ఆయన దోస్తు ఒకరు సెలవు మీద వచ్చి అదే క్యాసెట్టు, ఒక చిన్న పొట్లం ఇచ్చారు. పొట్లంలో అసలైన బెల్టు. మా ఆయన అక్కడ సెలవురోజైన శుక్రవారాలన్నీ పాత సామాన్ల దుకాణాలు తిరిగి, అదే రకం పాడైన మిషను కొని, దాంట్లోంచి ఊడదీశారట. ఈసారి మెకానిక్కు దగ్గరికి పోలేదు. నేనే మూత విప్పి ట్యూబు ముక్క పారేసి, బెల్టు తగిలించాను.

గొంతు ఎప్పటిలా తేటగా వచ్చింది. "బాపూ, మీ మాటలు పిట్టలు అరిసినట్టు వచ్చినయ్. మిషన్ నెమ్మదిగ తిరుగుతుంటే మాట్లాడిండ్రు, అందుకే ఇక్కడ సక్కగ తిరిగే మిషన్ల గట్ల వినవడ్డది. నా మాట గూడ మీకు సక్కగ వినవడకపోవచ్చు. బెల్టు మార్చుండ్రి. అవ్వా, నేను తాగలే."

చివరికి నన్ను అడిగారు. "మెకానిక్కుకు తెల్వలే, బాపుకు తెల్వలే. నా గొంతు నీకు గూడ తెల్వలేదా?"

జవాబు చెప్పమని అత్త మిషను నా ముందుకు జరిపి రికార్డు మీట నొక్కింది. టేపు సరైన వేగంతో తిరుగుతోంది. అది ఆ చివరికి వెళ్లి ఆగిపోయేదాకా నాకు ఒక్క మాటా రాలేదు.