ఓక్ పెట్టె మీది నల్ల మచ్చ

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక పాత సామాన్ల దుకాణంలో పన్నెండేళ్లు వడ్రంగి పని చేశాను. పని అంటే ఎక్కువగా ఎమ్‌డీఎఫ్ అనే పొట్టు చెక్క బల్లలు విప్పడం, బిగించడం. ఉలి పట్టే అవసరమే రాలేదు.

బయటి దేశాల కుటుంబాల మీద తలకింతని లెవీ పన్ను వచ్చాక మనవాళ్ల ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. అలా వెళ్లిపోతున్న ఒక ఇంజనీరు భార్య, కాకినాడ వైపు ఆవిడ, చిన్న ఓక్ చెక్క పెట్టె బాగుచేయమని తెచ్చింది. మూత తిరిగే చెక్క మేకు విరిగింది. ఎప్పుడో పక్కింటి ఇంగ్లీషావిడ ఇచ్చిపోయిందట. పాస్‌పోర్టులు, ఇకామా అనే నివాస కార్డులు అందులోనే దాచేవారట.

ఒళ్లో పట్టేంత పెట్టె. ముందు పలక మీద నాలుగు ఆకులు చెక్కి ఉన్నాయి. నాలుగోది కాస్త లావు. ఎప్పటి వడ్రంగో, ఉలి జారినా దిద్దకుండా వదిలేశాడు. ఎక్కడా ఇనుము లేదు. మూత అంచు వేళ్లు తగిలి తగిలి నున్నగా అరిగింది. ఆ వడ్రంగి నా పక్కనే కూర్చున్నట్టు అనిపించింది.

అలాంటిదాన్ని పాడు చేశాను. టేకుకు కొట్టినట్టే ఇనుప మేకు కొట్టి, తడిగుడ్డతో తుడిచి, ఆ ఉక్కలో కప్పి వదిలేశాను. తడి ఉంటే ఓక్‌కు ఇనుము పడదు. రెండు రోజులకు మేకు చుట్టూ సిరా ఒలికినట్టు నల్లబడింది. ఆవిడ ఫోన్ చేస్తే, మూల మీద మచ్చ ఒకటుందని, అది ముందునుంచీ ఉన్నదేనని చెప్పాను.

మచ్చ కనపడకుండా పెట్టెకంతా నల్ల పాలిష్ కొట్టేయమన్నాడు మేనేజర్. సౌదీవాళ్లు చాలినంతమంది పనిలో లేరని దుకాణం అప్పటికే నితాఖత్ లెక్కలో ఎరుపుకు పడింది, ఇక మా వీసాలు అక్కడ కొత్తవి కావు. యజమానికున్న రెండో దుకాణానికి మాలో ఎవరిని మార్చాలో చెప్పేది తానేనని కూడా గుర్తు చేశాడు. నేను ఆ లావు ఆకు వైపు చూశాను. బ్రష్ ముట్టలేదు.

ఆవిడ వచ్చినప్పుడు మేనేజర్ ముందే చెప్పాను.

"అమ్మా, ఈ మచ్చ నేను జేసిందే. ఫోన్ల మీకు అబద్ధం జెప్పిన."

ఆవిడ మచ్చ మీద వేలు రాసి చూసింది.

"రోజూ తుడిచిన పెట్టెండీ మేస్త్రీగారూ, మచ్చ ఉందో లేదో నాకు తెలీదా? అబద్ధం కూడా మీకు సరిగ్గా రాలేదు. ఇంకేం పూయకండి, ఇలాగే ఇవ్వండి."

పెట్టె ఆవిడతో వెళ్లింది. రెండో దుకాణానికి నా పేరు పోలేదు; నాకు ఫైనల్ ఎగ్జిట్ పడింది, వీసా ముగించి ఇంటికి పంపేశారు.

ఇప్పుడు జగిత్యాలలో చిన్న చెక్కపెట్టెలు చేస్తున్నాను, ఇనుము లేకుండా. బీరువాలుండగా ఇవెందుకని నవ్వుతారు. నవ్వనీ. ఉలి జారినచోట దిద్దను. అడిగితే, అది నా చేతి తప్పేనని చెబుతాను. కొనకపోతే పోనీ.