అత్త చేసిన చలిమిడి

జాయిస్‌కు కాలు నిలవదు. నందిగామకు కాపురానికొచ్చి ఏడాదిన్నర దాటినా ఆమె ఒక పూటంతా ఇంటిపట్టున ఉన్నది లేదు. పొద్దున సెంటర్లో పునుగులు, మధ్యాహ్నం బస్టాండు దగ్గర చెరుకురసం, బుద్ధి పుడితే బస్సెక్కి జగ్గయ్యపేట. బస్సులో మిగతా ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం, జాయిస్ మాత్రం డబ్బిచ్చి కొనుక్కోవాలి. ఆమెకింకా ఆధార్ కార్డు రాలేదు.

ఫిలిప్పీన్స్‌లో సముద్రం పక్క ఊరు ఆమెది. కువైట్లో బ్యూటీ పార్లర్లో పనిచేసేటప్పుడు, అక్కడే ఓ ఇంట్లో డ్రైవరుగా ఉన్న స్తెఫనును ఇష్టపడి పెళ్ళాడింది. అతనితోపాటు ఇక్కడికొచ్చేసింది. ఇప్పుడు స్తెఫను జగ్గయ్యపేట వైపు సిమెంటు లారీ తోలుతున్నాడు. వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. ఇంట్లో మిగిలేది జాయిస్, అత్త సువార్తమ్మ.

సువార్తమ్మ మిరపకాయల తొడిమెలు తీసే పనికి పోతుంది. మనిషి కష్టజీవి, మాట పొదుపు. కాపురానికొచ్చిన మొదటి రోజే కోడలు పెరుగన్నం చూసి మొహం తిప్పుకుంది. అత్తకు అది మనసులో ఉండిపోయింది. అన్నం, కూర వండి మూతపెట్టి పనికి పోయేదే తప్ప తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు. జాయిస్‌కు ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. తిరుగుడంతా అందుకే.

తిరగ్గా తిరగ్గా మార్చిలో ఒకరోజు తోపుడుబండి మీద పచ్చిమామిడికాయ ముక్కలు కనిపించాయి. ఉప్పూ కారం చల్లినవి. ఒక ముక్క నోట్లో పెట్టుకుని జాయిస్ అక్కడే నిలబడిపోయింది. వాళ్ళ ఊళ్ళోనూ ఇదే కాయ, కారం బదులు రొయ్యల పచ్చడి నంజుకుంటారు, అంతే తేడా. ఆ తర్వాత ఇక ఆమెను పట్టుకోవడం ఎవరి తరం? చందర్లపాడు దారిలో సీమచింతకాయలు కనిపెట్టింది. జగ్గయ్యపేట బజారులో చింతచిగురు కనిపెట్టింది, వండాలని తెలియక బస్సులో కూర్చుని పచ్చిదే గుప్పెళ్ళతో నమిలింది.

వీధంతా చూసింది. పిల్లల్లేని కోడలు, చేతిలో పుల్లమామిడికాయ. మన వీధులకు డాక్టరుతో పనేముంది? పక్కింటి ఏలీయా భార్య వేళ్ళ మీద నెలలు లెక్కేసి, కాన్పు శీతాకాలంలోనని కూడా తేల్చేసింది. ఈ కబురు అందరికీ తెలుసు, జాయిస్‌కు తప్ప.

ఆమెకు తెలిసిందల్లా అత్త మారిపోయిందని. ఒక సాయంత్రం సువార్తమ్మ పని నుంచి వస్తూ తాటిముంజెలు తెచ్చింది.

"బొటనేలెట్టి పొడువమ్మాయ్. నీళ్ళు కింద పోనీకుండా జుర్రుకోవాలి."

జాయిస్ సగం నీళ్ళు గౌను మీద పోసుకుంది. అత్త నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వగా చూడటం జాయిస్‌కు అదే మొదలు. మర్నాడు చింతచిగురు, ఎండురొయ్యలు. మూకుడులోంచి ఆ వాసన రాగానే జాయిస్‌కు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇంకాస్త ఏసుకో," అంది అత్త. ఆ వారం సున్నుండలు చేసింది. జాయిస్ నీళ్ళబిందె ఎత్తబోతే చేతిలోంచి లాక్కుంది.

ఈ దేశంలో అత్త మనసు గెలవాలంటే ఆమె వండింది మారడిగి తినాలి కాబోలని జాయిస్ తీర్మానించుకుంది. స్తెఫనుకు ఫోను చేసి, "మీ అమ్మకి నేనంటే ఇష్టం," అని చెప్పింది. ఆ నెలలో ఆమె జగ్గయ్యపేట వెళ్ళింది రెండే సార్లు.

ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక సువార్తమ్మ నానబోసిన బియ్యం పిండి పట్టించి, బెల్లం పాకం పెట్టి, కొబ్బరిముక్కలు నేతిలో వేయించి వేసి చలిమిడి చేసింది. స్టీలు డబ్బా నిండా పెట్టి కోడలి ఒళ్ళో ఉంచింది. జాయిస్ ఒక ముద్ద తిని కళ్ళు మూసుకుంది. వాళ్ళమ్మ పండక్కి చేసే బియ్యప్పిండి మిఠాయి రుచికి ఇది ఎంతో దూరంలో లేదు. ఇంకో రెండు ముద్దలు తిని, ఎలా చెయ్యాలో నేర్చుకుందామని పక్కింటికి పరిగెత్తింది.

ఏలీయా భార్య పడీపడీ నవ్వింది. "నువ్వు చేసుకునేది కాదమ్మా అది. కడుపుతో ఉన్నప్పుడు పుట్టింటోళ్ళు చేసి పెడతారు, కడుపు చల్లగుండాలని. నీకిక్కడ అమ్మ లేదుగా. ఆ బాధ్యత కూడా తనదేనని మీ అత్తే చేసింది. పాస్టరుగారితో ప్రార్థన కూడా చేయిచ్చింది, నీకు చెప్పలా?"

జాయిస్‌కు మొదట మాటలు అర్థమయ్యాయి, కాసేపటికి సంగతి అర్థమైంది. ముంజెలు, రొయ్యలు, సున్నుండలు, ఆ నవ్వు. ఏదీ తనకోసం కాదు.

నాలుగేళ్ళ కిందట కువైట్ ఆసుపత్రిలో ఐదో నెలలో బిడ్డ పోయింది. ఇక కష్టమన్నారు డాక్టర్లు. అమ్మకు చెప్పొద్దు, తట్టుకోలేదన్నాడు స్తెఫను. ఆ మాట ఇద్దరూ మింగేసి ఇంతదూరం వచ్చారు.

మర్నాటి నుంచి జాయిస్‌ది కాలుగాలిన పిల్లి తిరుగుడే. జగ్గయ్యపేట పోయింది, ఏమీ కొనకుండా తిరిగొచ్చింది. విజయవాడ బస్సెక్కి పరిటాల దగ్గర దిగిపోయింది, రోడ్డు దాటి, పెద్ద హనుమంతుడి విగ్రహం వైపు కాసేపు చూసి, నందిగామ బస్సు పట్టుకుంది. చెప్తే అత్త మళ్ళీ మూతపెట్టిన గిన్నెల్లోకి పోతుంది. చెప్పకపోతే ఎన్నాళ్ళు దాస్తుంది? కడుపు పెరగాలి కదా. ఇంటికొస్తే అత్త మామిడికాయ పప్పు కలిపి ముద్ద చేతికిచ్చేది. జాయిస్ దాన్ని పళ్ళెం అంచుకు నెట్టేసేది.

మూడో రోజు సాయంత్రం పళ్ళెం ముందు చెప్పేసింది.

"అత్తమ్మా, కడుపులో ఎవరూ లేరు. పులుపు నాకు ఇష్టం, అంతే. కువైట్లో ఒకసారి వచ్చింది, పోయింది. ఇంక రాదేమో అన్నారు."

సువార్తమ్మ ఆమె మొహంలోకి చూసింది. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని, దుప్పటి తీసుకుని వసారాలోకి పోయింది. తర్వాత రెండు రోజులూ పనికి పోయింది, వచ్చింది. అన్నం గిన్నె మీద మూత, కూర గిన్నె మీద మూత.

జాయిస్‌కు ఏడుపు కంటే కోపం ఎక్కువొచ్చింది. అత్త మీద కాదు, ఆ మూతల మీద. మూడో రోజు బస్సెక్కి జగ్గయ్యపేట పోయింది. చింతచిగురు, ముల్లంగి, ఒక బొచ్చె చేప తెచ్చింది. వాళ్ళమ్మ చేసే పుల్లటి చేపల చారు కాచింది, చింతపండు బదులు చిగురు వేసి. కారం వెయ్యలేదు. సువార్తమ్మ పని నుంచి రాగానే గిన్నె తెచ్చి ఎదురుగా పెట్టింది. మూత పెట్టలేదు.

సువార్తమ్మ గరిటెతో అన్నంలో పోసుకుని ఒక ముద్ద తింది.

"కారం లేదేంది?"

"మా ఊరిది ఇలాగే ఉంటది."

"ఉప్పూ తక్కువే," అంది సువార్తమ్మ. అన్నం అయిపోయింది. మళ్ళీ పెట్టుకుంది. చారు మళ్ళీ పోసుకుంది. చేప ముల్లు తీస్తూ, తలెత్తకుండా అడిగింది. "ఆడపిల్లా, మగపిల్లాడా?"

"ఆడపిల్ల."

"పేరనుకున్నారా?"

నాలుగేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. స్తెఫను కూడా. జాయిస్ చెప్పింది. "అమిహాన్. మా ఊళ్ళో చల్లగాలి పేరు."

సువార్తమ్మకు నోరు తిరగలేదు. రెండుసార్లు తప్పింది, మూడోసారికి పట్టుకుంది. చెయ్యి కడుక్కుని లేచి, గూట్లోంచి స్టీలు డబ్బా తెచ్చింది. ఆదివారం చలిమిడి అందులో సగానికి పైగా అలాగే ఉంది. ఒక ముద్ద తీసి కోడలి చేతిలో పెట్టింది.

"తిను. ఇది నీకు అప్పుడే పెట్టాల్సింది. తెలిస్తే కువైటుకే పంపేదాన్ని."

జాయిస్ తింది. ఏడుస్తూనే తింది.