ఆయన ముఖం మీద నల్లముద్ర

రెండు వేల దశకం మొదట్లో విశాఖలో స్టాంపుల ప్రదర్శన పెడితే, నేనూ మావారూ అక్కడ ఫొటో దిగి మా బొమ్మతో తపాలా బిళ్ళలు చేయించుకున్నాం. క్రిస్మస్ కార్డులకు అంటించాలని ఆయన సరదా. ఆ పండగ రాకముందే ప్రభువు ఆయనను పిలుచుకున్నాడు.

డిసెంబరులో ఆ బిళ్ళలతోనే, మా సంఘంలో ఒకప్పుడు ఉండి దూరం వెళ్ళిపోయిన వాళ్ళందరికీ కార్డులు రాశాను. మా కాలనీ పోస్టాఫీసులో కిటికీ అవతల గుమస్తా మొదటి కార్డు తీసి, సరిగ్గా ఆయన ముఖం మీద నల్లముద్ర కొట్టాడు. "ఆగు బాబూ" అని అరిచి లోపలికి చెయ్యి పెట్టేశాను. వరుసలో వాళ్ళంతా నన్నే చూశారు.

"ఏటమ్మా, ముద్దరెయ్యకపోతే ఇది ఊరు కదల్దు కదా. ఇక్కడే ఉంచీమంతావా?" అన్నాడతను మెల్లగా.

సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆ పండగకు అందరూ ఫోన్లే చేశారు. ఇంటికి వచ్చిన కార్డు ఒక్కటే. అదీ ఆ చిరునామాలో మనిషి లేరని తిరిగొచ్చిన నా కార్డే. ముద్రల కింద ఆయన ఇంకా నవ్వుతున్నారు. లోపల, "దేవుడు మీకు తోడు" అని నేను ఎవరికో రాసిన మాట. ఖాళీ ఇంట్లో దాన్ని పైకి చదువుకుని, ఆమెన్ అన్నాను.